రండి, మా ఇల్లు చూద్దురుగాని!

కాలిపోయిన కోటలు, కూల్చేసిన రాజమందిరాలు, ఊళ్లలోంచి మాయమైన పూరిళ్లు... పోగొట్టుకున్నదాన్ని ఒక్కొక్కటిగా నిలబెట్టుకుని, ఇప్పుడు ప్రపంచాన్ని పిలిచి చూపిస్తున్న దక్షిణ కొరియా కథ ఇది.

పొద్దున పదింటికి సియోల్ నడిబొడ్డున, గ్వాంగ్‌హ్వామున్ ద్వారం దగ్గర పెద్ద డప్పు మోగుతుంది. ఎరుపు, నీలం అంగీలు తొడుక్కుని, వెడల్పాటి అంచున్న నల్ల టోపీలు పెట్టుకున్న కావలి భటులు జెండాలు, బల్లేలతో బారులు తీరి వస్తారు. పాత జట్టు తప్పుకుంటుంది, కొత్త జట్టు కాపలాకు నిలుస్తుంది. కొరియాను ఏలిన జోసన్ రాజుల కాలంలో కోట కావలి ఎలా మారేదో గ్రంథాల్లో వెతికి మళ్లీ ప్రాణం పోసిన తంతు ఇది. చూడ్డానికి మూగిన జనంలోనూ చాలామంది ఆ కాలపు వేషంలోనే ఉంటారు. కొరియా సంప్రదాయ దుస్తులైన హన్‌బోక్‌ను చుట్టుపక్కల దుకాణాల్లో గంటల లెక్కన అద్దెకిస్తారు మరి. అది వేసుకొస్తే లోపలున్న గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజప్రాసాదంలోకి టికెట్ అక్కర్లేదు. 2013లో మొదలైన ఈ చిన్న వెసులుబాటు ఆ ప్రాంగణం రూపురేఖల్నే మార్చేసింది. ఏ దేశం నుంచి వచ్చినవాళ్లయినా ఇక్కడ పక్కన నిలబడి చూసి వెళ్లిపోరు, కాసేపు ఆ కోటలో మనుషులైపోతారు.

ఈ అద్దె బట్టల మీద కొరియాలో పెద్ద చర్చే ఉంది. తళుకుల అంచులు, లోపల తీగ చట్రం పెట్టి ఉబ్బించిన లంగాలు, వీపున కట్టే రిబ్బన్లు అసలు హన్‌బోక్‌లో ఎక్కడివని పెద్దలు బాధపడతారు. ఇలాంటి వాటికి ఉచిత ప్రవేశం ఎత్తేయాలని 2018లో స్థానిక అధికారులు ప్రతిపాదించారు కూడా. అప్పట్లో మగవాళ్లు మగవాళ్ల హన్‌బోక్, ఆడవాళ్లు ఆడవాళ్లదే వేసుకుంటే తప్ప ఉచితం కాదనే నిబంధన ఉండేది. అది వివక్ష అని మానవ హక్కుల సంఘం చెప్పడంతో 2019లో తీసేశారు. నాకైతే ఈ చర్చ జరగడమే బాగుంది. దుకాణం వాడు ఏదిస్తే అది తొడుక్కుని ఫొటో దిగిన అమ్మాయి, ‘ఇది అసలుది కాదట, అసలుది ఎలా ఉంటుంది?’ అని అడిగితే ఆ ఒక్క ప్రశ్నతో ఆమె పర్యాటకురాలి దగ్గర్నుంచి ఒక మెట్టు పైకి ఎక్కినట్టే.

కదిలిన ద్వారం

గ్వాంగ్‌హ్వామున్ ద్వారాన్ని చూసి ఆరు వందల ఏళ్లుగా అక్కడే అలాగే ఉందనుకుంటాం. కానీ ఇప్పుడు కనిపిస్తున్న చెక్క కట్టడం 2010 నాటిది. దాని ముందున్న పొడవాటి రాతి వేదిక, నల్ల పలక మీద బంగారు రంగు అక్షరాల పేరు ఇంకా కొత్తవి, 2023లో పెట్టారు. మధ్యలో ఏం జరిగిందో తెలుసుకుంటేగానీ కొరియన్లు తమ సంస్కృతిని అంత పట్టుదలగా ఎందుకు చూపిస్తారో అర్థం కాదు.

1392లో జోసన్ రాజ్యాన్ని స్థాపించిన యీ సోంగ్‌గ్యే, మూడేళ్లకు గ్యోంగ్‌బోక్‌గుంగ్ కోటను కట్టించాడు. 1592లో జపాన్ దండయాత్ర సమయంలో అది కాలి బూడిదైంది. తర్వాత 270 ఏళ్లకు పైగా ఆ స్థలం పాడుబడి ఉంది, రాజులు పక్కనున్న చాంగ్‌డోక్‌గుంగ్ నుంచి పాలించారు. 1867లో మళ్లీ కట్టారు. అర్ధశతాబ్దం కూడా నిలవలేదు. 1910లో కొరియాను కలిపేసుకున్న జపాన్, కోటలోని వందలాది కట్టడాల్లో చాలావాటిని కూల్చేసింది. సింహాసన మందిరానికి సరిగ్గా ముందు, దాన్ని మరుగుపరుస్తూ గవర్నర్ జనరల్ కార్యాలయాన్ని 1926లో పూర్తిచేసింది. ముఖద్వారాన్ని ఊడదీసి కోట తూర్పు పక్కకు తరలించింది. కొరియా యుద్ధంలో దాని చెక్క భాగం తగలబడింది. 1968లో కొరియా ప్రభుత్వమే దాన్ని తిరిగి నిలబెట్టింది. కాకపోతే కాంక్రీటుతో, అసలు చోటికి కాస్త పక్కగా.

వలస పాలకుల ఆ రాతి భవనం స్వాతంత్ర్యం వచ్చాకా అర్ధశతాబ్దం నిలిచే ఉంది. 1986 నుంచి దాన్ని జాతీయ మ్యూజియంగా వాడారు. తమ పూర్వికుల బుద్ధ విగ్రహాలను, బంగారు కిరీటాలను తమను ఏలినవాళ్ల కార్యాలయంలో చూడాల్సిన పరిస్థితి! ఉంచాలా, కూల్చాలా అని దేశం రెండుగా చీలి వాదించుకుంది. చివరికి విముక్తి స్వర్ణోత్సవం నాడు, 1995 ఆగస్టు 15న, గుమ్మటం పైనున్న శిఖరాన్ని కోసి దించారు. మరుసటి ఏడాదికి భవనం లేకుండా పోయింది. ఆ శకలాలను పారేయలేదు. చోనన్ పట్టణంలోని స్వాతంత్ర్య స్మారక ప్రాంగణంలో వాటిని ఆరుబయట పడేసి ఉంచారు. శిఖరాన్ని నేలమట్టానికి దిగువన గోతిలో నిలిపారు. ఒకప్పుడు తలెత్తి చూడాల్సి వచ్చినదాన్ని ఇప్పుడు తలొంచి చూస్తారు. ఒక దేశం తన చేదు జ్ఞాపకాన్ని పరాయివాళ్లకు ఎలా చూపించాలో ఇంత స్పష్టంగా ఆలోచించిన చోటు మరొకటి నాకు తట్టడం లేదు.

ముందు తమవాళ్లకు

బయటివాళ్లు చెరిపిన కథ ఒకటైతే, సొంతవాళ్లు చెరుపుకున్నది ఇంకొకటి. 1970లో మొదలైన సెమావుల్ గ్రామాభివృద్ధి ఉద్యమంలో గడ్డి కప్పుల ఇళ్లు పోయి రేకులు, పెంకులు వచ్చాయి. మూఢనమ్మకాల పేరుతో గ్రామదేవతల గుళ్లు చాలాచోట్ల పడగొట్టారు. ఆకలి తీరాలి, ఫ్యాక్టరీలు రావాలి అన్న తొందర అది. 1962లోనే సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం తెచ్చి, పాట, ఆట, చేతిపని తెలిసినవాళ్లను ప్రభుత్వం గుర్తించి నెలనెలా భృతి ఇవ్వడం మొదలుపెట్టింది నిజమే. కానీ యువతరం వాటివైపు చూసేది కాదు.

ఆ చూపు మారిన ఏడాదంటూ ఒకటి చెప్పాల్సి వస్తే 1993 అంటాను. ఆ ఏడాది రెండు సంగతులు జరిగాయి. ఇమ్ క్వోన్‌టెక్ తీసిన ‘సోప్యోన్‌జే’ సినిమా విడుదలైంది. ఊరూరా తిరిగి పాన్సోరి పాడుకునే ఒక కుటుంబం కథ అది. పాన్సోరి అంటే మన హరికథకు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఒక్కరే గాయకులు, చేతిలో విసనకర్ర, పక్కన డప్పు వాయించే ఒక్క సహచరుడు. పాట, మాట, అభినయం కలగలిపి గంటల తరబడి ఒకే కథ చెబుతారు. మధ్యమధ్య శ్రోతలు ‘ఒల్‌సీగు!’ అని ఉత్సాహంగా పలకాలి, పలకకపోతే కథ రక్తికట్టదు. ఒకప్పుడు పన్నెండు కథలుండేవి, ఐదే మిగిలాయి. చున్‌హ్యాంగ్ అనే అమ్మాయి ప్రేమకథను మొత్తం పాడితే ఎనిమిది గంటల దాకా పడుతుంది. ఇలాంటి కళ మీద తీసిన సినిమాకు ఒక్క సియోల్‌లోనే పది లక్షల మందికి పైగా వచ్చారు. కొరియన్ సినిమాకు అది అప్పటిదాకా లేని రికార్డు.

అదే ఏడాది యూ హోంగ్‌జున్ అనే కళా చరిత్రకారుడు తన దేశపు వారసత్వ స్థలాల మీద రాసిన యాత్రాగ్రంథం మొదటి సంపుటం వచ్చింది. ఆయన రాజధాని కోటలతోనో, పాత రాజధాని గ్యోంగ్‌జు బంగారంతోనో మొదలుపెట్టలేదు. దక్షిణాన ఒక మూలకున్న గాంగ్‌జిన్, హేనామ్ ప్రాంతాలకు పాఠకుల్ని తీసుకెళ్లాడు. ఒకప్పుడు రాజులు తమకు గిట్టనివాళ్లను ప్రవాసానికి పంపిన చోటు అది. పుస్తకం లక్షల్లో అమ్ముడైంది. వారాంతాల్లో పిల్లల్ని వెంటేసుకుని జనం ఆ పల్లెలకు బస్సులెక్కారు. కొరియా విదేశీయులకు తనను తాను పరిచయం చేసుకోవడం గురించి ఎంత చెప్పుకున్నా, నా దృష్టిలో అసలు మలుపు ఇక్కడే ఉంది. ముందు ఆ దేశం తన సంపదను తన మనుషులకు పరిచయం చేసింది. 2001లో ప్రభుత్వం వారసత్వ స్థలాల్లో శిక్షణ పొందిన వ్యాఖ్యాతలను నియమించే పద్ధతి తెచ్చినప్పుడు, చెప్పడానికి ఇష్టపడేవాళ్లు, వినడానికి వచ్చేవాళ్లు అప్పటికే తయారై ఉన్నారు.

కూలీల పేర్లు కూడా రాశారు

గాంగ్‌జిన్‌లో ప్రవాసం గడిపినవారిలో జోంగ్ యాక్‌యోంగ్ ఒకరు. గొప్ప పండితుడు. అంతకుముందు, యువకుడిగా ఉన్నప్పుడు, జోంగ్‌జో రాజు ఆయనకొక పని అప్పగించాడు. సియోల్‌కు దక్షిణాన సువన్‌లో హ్వాసోంగ్ కోటకు రూపకల్పన చేయాలి. దాని వెనక ఒక కన్నీటి కథ ఉంది. జోంగ్‌జో తండ్రి, యువరాజు సాడోను ఆయన కన్నతండ్రే 1762లో బియ్యం పెట్టెలో బంధించి చంపించాడు. రాజయ్యాక జోంగ్‌జో తండ్రి సమాధిని సువన్ దగ్గరికి మార్చి, అక్కడే కొత్త నగరం కట్టించాడు. జోంగ్ యాక్‌యోంగ్ పాశ్చాత్య యంత్రాల గురించిన చైనా గ్రంథాన్ని చదివి, కప్పీలతో బరువైన రాళ్లను ఎత్తే యంత్రాన్ని తయారుచేశాడు. పదేళ్లు పడుతుందనుకున్న ఐదున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న ప్రాకారం 1794లో మొదలై 1796లోనే పూర్తయింది. వెట్టి కాదు, పనివాళ్లకు కూలి ఇచ్చారు.

నన్ను కట్టిపడేసేది కోట కంటే దాని లెక్కల పుస్తకం. 1801లో అచ్చువేసిన ఆ గ్రంథంలో ప్రతి బురుజు బొమ్మ, ఏ రాయి ఎక్కడి నుంచి తెచ్చారు, ఎంత ఖర్చయింది, ఏ మేస్త్రి ఎన్ని రోజులు పనిచేశాడు, పేర్లతో సహా రాసిపెట్టారు. రాజకుటుంబపు పెళ్లి, అంత్యక్రియలు, ఊరేగింపు, నిర్మాణం ఏది జరిగినా ఇలా బొమ్మలతో గ్రంథస్థం చేయడం జోసన్ ఆచారం. వలస పాలనలో, కొరియా యుద్ధంలో హ్వాసోంగ్ బాగా దెబ్బతింది. 1970ల్లో ఆ గ్రంథాన్ని ముందు పెట్టుకుని తిరిగి కట్టారు. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది. కొత్తగా కట్టినదాన్ని పాతది అని ఎలా ఒప్పుకుంటాం అన్న ప్రశ్నకు రెండు శతాబ్దాల నాటి ఆ పుస్తకమే సమాధానం చెప్పింది. 1795లో జోంగ్‌జో తన తల్లి షష్టిపూర్తికి ఆమెను వెంటబెట్టుకుని సువన్ వెళ్లిన ఊరేగింపును ఇప్పటికీ ఏటా శరదృతువులో వీధుల్లో జరుపుతారు. ఎవరు ఏ గుర్రం మీద, ఎవరి వెనక అన్నది కూడా పుస్తకం చూసే.

ఇలాంటి గ్రంథాలు వందలకొద్దీ 1866లో ఫ్రెంచ్ సైన్యం గాంగ్‌హ్వా దీవి నుంచి ఎత్తుకుపోయింది. అవి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయని 1975లో కనిపెట్టింది అక్కడే పనిచేసిన కొరియన్ చరిత్రకారిణి పాక్ బ్యోంగ్‌సోన్. ఆమె జీవితమంతా పోరాడింది. 297 సంపుటాలు 2011లో ఇంటికి చేరాయి. ఫ్రాన్స్ వాటిని ఇచ్చింది అప్పు పద్ధతిలోనే, ఐదేళ్లకోసారి గడువు పొడిగించేలా. అయినా ఆ ఏడాది చివర కన్నుమూసేలోగా వాటి రాకను ఆమె చూడగలిగింది.

మంటల్లో మొదటి సంపద

అన్నీ సజావుగా సాగలేదు. 2008 ఫిబ్రవరి 10 రాత్రి, చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవుల ఆఖరి రోజున, సియోల్ దక్షిణ ద్వారం సుంగ్‌న్యేమున్‌కు ఒక వృద్ధుడు నిప్పు పెట్టాడు. తన భూమికి పరిహారం చాల్లేదన్న కోపం అతనిది. 1398 నాటి ఆ కట్టడం జాతీయ సంపదల పట్టికలో అప్పట్లో ఒకటో నంబరు. పై అంతస్తు కూలిపోతుంటే దేశమంతా టీవీల్లో చూసింది. మర్నాడు జనం పూలు పట్టుకొచ్చి ఆ బొగ్గుల ముందు మోకరిల్లారు. అప్పటికి సాంస్కృతిక వారసత్వ శాఖాధిపతిగా ఉన్నది మరెవరో కాదు, యూ హోంగ్‌జున్. బాధ్యత వహించి రాజీనామా చేశాడు.

సంప్రదాయ పనిముట్లతో, పాత పద్ధతుల్లోనే కడతామని పట్టుబట్టి ఐదేళ్ల తర్వాత 2013 మేలో ద్వారాన్ని తెరిచారు. కొన్ని నెలలకే దూలాల మీది రంగులు పెచ్చులుగా రాలాయి. ఒప్పందం ప్రకారం వాడాల్సిన సహజ రంగులతోపాటు రసాయన పదార్థాలు కలిపారని విచారణలో తేలింది. సహజ రంగులూ జిగురూ వాడే అలవాటు అప్పటికే ఎన్నో ఏళ్లుగా తప్పిపోయింది. కొరియా ఈ వైఫల్యాన్ని దాచలేదు. కోర్టుల దాకా తీసుకెళ్లింది. కట్టడాన్ని ఐదేళ్లలో తిరిగి కట్టవచ్చు, చేతిలోంచి జారిన పనితనాన్ని అంత త్వరగా తిరిగి తెచ్చుకోలేమని ఆ దేశానికి ఇక్కడే బోధపడింది.

ఇది మనుషులుండే వీధి

గ్యోంగ్‌బోక్‌గుంగ్ పక్కనే బుక్‌చోన్. రెండు రాజప్రాసాదాల నడుమ, కొండవాలున పెంకుటిళ్ల వీధులు. ఇవి జోసన్ జమీందార్ల ఇళ్లనుకుని ఫొటోలు తీసుకుంటారుగానీ, చాలా ఇళ్లు 1920, 30ల్లో కట్టినవి. జోంగ్ సెగ్వోన్ అనే గృహనిర్మాణ వ్యాపారి పెద్ద స్థలాలు కొని, చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, మధ్యతరగతి కొరియన్లు కొనుక్కోగలిగే సంప్రదాయ ఇళ్లు వరుసగా కట్టాడు. జపనీయులు నగరంలో విస్తరిస్తున్న ఆ రోజుల్లో కొరియన్లను తమ వీధుల్లో నిలబెట్టిన పని అది. కొరియన్ భాష కోసం పోరాడుతున్న సంఘానికి కూడా ఆయన అండగా నిలిచాడు. ఈ సంగతి చెప్పే వ్యాఖ్యాత దొరికితే ఆ వీధి విలువ పదింతలవుతుంది.

ఇబ్బందేమిటంటే అక్కడ ఇప్పటికీ కాపురాలున్నాయి. తెల్లారకముందే సూట్‌కేసుల చక్రాల చప్పుడు, గుమ్మంలోకి తొంగిచూసే కెమెరాలు, గేటు ముందు పారేసిన కాఫీ గ్లాసులు. విసిగిపోయిన కుటుంబాలు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయాయి. అందుకే 2024 నవంబరు నుంచి అత్యంత రద్దీ వీధిలోకి సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 10 దాకా పర్యాటకులు రాకూడదన్నారు. 2025 మార్చి నుంచి జరిమానా లక్ష వోన్లు. ఇది పూర్తిగా సరైన పనని నా అభిప్రాయం. కాపురాలు ఖాళీ అయిపోయి హోటళ్లు మాత్రమే మిగిలిన వీధిలో ఇక పరిచయం చేయడానికి ఏముంటుంది?

జెజు దీవి హేన్యోల విషయంలో మనుషులే మిగలరన్న భయం మరింత దగ్గర్లో ఉంది. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రంలోకి మునిగి నత్తలు, సముద్రపు పాచి తెచ్చే ఆడవాళ్లు వీరు. పైకి తేలగానే ఈలలాంటి శబ్దంతో ఊపిరి వదులుతారు. మ్యూజియం వెలిసింది, 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది, టీవీ సీరియళ్లు వచ్చాయి. కానీ వారిలో ఎక్కువమంది అరవై, డెబ్బై దాటినవాళ్లే.

పులి, పిట్ట, జాతీయ మ్యూజియం

వలస భవనం నుంచి ఖాళీ చేసిన జాతీయ మ్యూజియం 2005లో యోంగ్‌సాన్‌లో సొంతింటికి చేరింది. శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. 2021లో అక్కడ ఒక గది తెరిచారు. పెద్ద గది, మసక వెలుతురు, మట్టి గోడలు, ఆలోచనలో మునిగిన రెండు బోధిసత్వ విగ్రహాలు. 6, 7 శతాబ్దాల నాటి పనితనం. గోడల మీద సుదీర్ఘ వివరణలేమీ లేవు. చెప్పడం ఎప్పుడు ఆపాలో తెలిసిన మ్యూజియం ఇది.

2025 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘కేపాప్ డీమన్ హంటర్స్’ యానిమేషన్ చిత్రం వచ్చింది. తీసింది అమెరికా స్టూడియో. అందులో జోసన్ కాలపు టోపీ, కొరియా జానపద చిత్రాల్లోని పులి, దాని పక్కన ఉండే మ్యాగ్‌పై పిట్ట ఉన్నాయి. కాకి జాతిదైన ఆ పిట్ట కొరియన్లకు శుభవార్త తెచ్చేది. సినిమా చూసిన పిల్లలు మ్యూజియం దుకాణంలో ఆ పులి, పిట్టల బ్యాడ్జీల కోసం క్యూ కట్టారు. ఆ ఏడాది సందర్శకుల సంఖ్య మొదటిసారి 50 లక్షలు దాటింది. జూలైలో కొత్త డైరెక్టర్‌గా కుర్చీలో కూర్చున్నది మళ్లీ యూ హోంగ్‌జునే. బ్యాడ్జీ కోసం వచ్చిన పిల్ల పులి బొమ్మ అసలు చిత్రాన్ని చూసే దాకా ఆగితే ఆయన ముప్పై ఏళ్ల కింద మొదలుపెట్టిన పని సాగుతున్నట్టే.

వెళ్లదలచుకున్న మనవాళ్లకు నాలుగు మాటలు. గ్యోంగ్‌బోక్‌గుంగ్‌కు మంగళవారం, చాంగ్‌డోక్‌గుంగ్‌కు సోమవారం సెలవు. చాంగ్‌డోక్‌గుంగ్ వెనకున్న రాజోద్యానానికి విడిగా ముందే బుక్ చేసుకోవాలి, అది మాత్రం వదులుకోవద్దు. 1330కి ఫోన్ చేస్తే ఇంగ్లిష్‌లో దారి చెబుతారు. శాకాహారులు తిండి గురించి బెంగపడతారు, నిజంగానే బయట హోటళ్లలో కష్టం. వాళ్లకు నా సలహా, కనీసం ఒక రాత్రి బౌద్ధాలయంలో బస చేయండి. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు వచ్చినవారికి గదులు చాలక మొదలైన ఏర్పాటు ఇది. మాంసం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేని భోజనం పెడతారు. గిన్నెలో ఒక్క మెతుకు మిగల్చకూడదు. తెల్లవారుజామునే గంట మోగగానే లేవాలి. ఓపికుంటే హేఇన్సా బౌద్ధాలయానికి వెళ్లండి. 13వ శతాబ్దంలో బౌద్ధ గ్రంథాలన్నిటినీ చెక్కిన 81 వేలకు పైగా చెక్క పలకలు అక్కడి కొండ మీదే, గాలి వాటంగా వచ్చిపోయేలా కట్టిన కొట్టాల్లో, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మన గడపకొచ్చిన అతిథి

భారత్, కొరియా బంధం అనగానే అయోధ్య నుంచి వెళ్లి కొరియా రాణి అయిందని చెప్పే హో హ్వాంగ్‌ఓక్ కథే అందరూ ఎత్తుకుంటారు. అది అందమైన గాథ. నాకు మాత్రం హ్యేచో మీద మనసెక్కువ. ప్రాచీన కొరియాలోని సిల్లా రాజ్యపు యువ భిక్షువు. 720ల్లో మన దేశమంతా తిరిగి రాసుకున్న యాత్రాగ్రంథం ప్రతిని 1908లో చైనాలోని డున్‌హువాంగ్ గుహల్లో ఫ్రెంచ్ పండితుడు పాల్ పెలియో కనుగొన్నాడు. దక్షిణాదిన కొండల్లో నాగార్జునుడి సంకల్పంతో యక్షులు కట్టారని చెప్పుకునే మహావిహారం ఉందనీ, ఒకప్పుడు భిక్షువులతో కళకళలాడిన ఆ చోటు పాడుబడిందనీ అందులో ఉంది. నాగార్జునుడి పేరు వినగానే మన చూపు కృష్ణాతీరం వైపు మళ్లుతుంది.

ఇప్పుడు కొరియన్లు మనకు పొరుగువాళ్లే. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ ప్రాంతంలో కొరియన్ కుటుంబాలు, వాళ్ల హోటళ్లు వెలిశాయి. అదే ఏడాది మనం చూసి మెచ్చిన ‘ఓ బేబీ’ సినిమా కూడా కొరియన్ కథే. ఆ కుటుంబాలు ఉండే జిల్లాలోనే లేపాక్షి ఉంది. ఆ ఏకశిలా నంది, వేలాడే స్తంభం, వీరభద్రాలయం కప్పు మీది చిత్రాలు, వాటిలోని చీరల అంచులు. అదే జిల్లాలో విజయనగర రాజుల పెనుకొండ కోట. హిందూపురం కాలేజీల్లో ఓ పాతికమంది పిల్లలకు కొరియన్ భాష, లేపాక్షి చరిత్ర రెండూ నేర్పించి, ఆదివారాలు ఆ అతిథులకు గుడి చూపించే పని అప్పగించవచ్చు. జిల్లా పర్యాటక శాఖ తలచుకుంటే ఈ ఏడాదే మొదలుపెట్టగలిగిన పని ఇది.